గుమ్టీ లేన్ వారి మహాత్యాగం

ఖరగ్‌పూర్ గుమ్టీ లేన్‌లో వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఎవరి తలుపూ తట్టకూడదు. ఇది చట్టం కాదు. చట్టమైతే ఈపాటికి ఎవరో ఒకరు ఉల్లంఘించి ఉండేవారు. ఇది మర్యాద. ఆ వీధిలో ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్ళున్న సంసారులు కరెంటు పోగానే తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల గడియ పెట్టుకుంటారు. ప్యానెళ్ళు లేని అభాగ్యులు వేపచెట్టు కింద మంచాలు వాల్చుకుని, చల్లగా గాలి పోసుకుంటూ, ఆ మూసిన తలుపుల వంక ఈర్ష్యగా చూస్తారు. నలభై మూడు డిగ్రీల ఎండలో మూసిన గదిలో కూర్చునే భాగ్యం అందరికీ పట్టదు మరి.

ఈ నాగరికతకు ఆద్యులు జగ్గారావు గారు.

ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ దాటి, రైల్వే స్థలం అయిపోయి సొంత స్థలాలు మొదలయ్యేచోట ఉంది గుమ్టీ లేన్. ఒకప్పుడు అక్కడ లెవెల్ క్రాసింగ్ గేటుమేన్ కూర్చునే చిన్న గది, గుమ్టీ, ఉండేదట. గేటు పోయింది, గేటుమేనూ పోయాడు, పేరు మిగిలింది. రైల్వే వర్క్‌షాపులో రిటైరై, క్వార్టర్ తాళాలు అప్పగించి, ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళే అక్కడ ఎక్కువ. జగ్గారావు వేగన్ షాపులో ముప్ఫై ఆరేళ్ళు చేశాడు. బండి కింద మనిషి ఉండగా ఎర్రజెండా పాతకుండా ఒక్కనాడూ వదల్లేదు. పనికిరాని వేగన్‌కి ఫిట్ అని ఒక్కనాడూ సంతకం చెయ్యలేదు. ఇంట్లోనూ అంతే. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, పీకినట్టు భార్య దాలమ్మకి చెప్పి, ఆవిడ "ఊఁ" అన్నాకే గడప దాటేవాడు.

అలాంటి మనిషి సోలార్‌లో ఎలా పడ్డాడని అడగకండి. ఊళ్ళో పడనివాళ్ళెవరు? ఖరగ్‌పూర్‌లో ఈ పరిశ్రమ పెరుగుతున్న తీరు చూస్తే కళ్ళు చెమర్చక మానవు. నిన్నటిదాకా మొబైల్ రీఛార్జీలు చేసినవాడు, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు, ఇన్సూరెన్సు పాలసీలు అంటగట్టినవాడు, అందరూ ఇవాళ సౌరశక్తి సలహాదారులే. టోటో రిక్షాల వెనక "సూర్యుడు మీవాడే, సంప్రదించండి" అని రాసి ఫోన్ నంబర్లు. ఒక్కో ఇంటి కప్పుకి ముగ్గురేసి ఏజెంట్లు తేలేసరికి, కప్పులు చాలక ఏజెంట్లు ఒకరి ఇంటి మీద ఒకరు ప్యానెళ్ళు పెట్టించుకుని అభివృద్ధిని కాపాడుకున్నారు.

జగ్గారావు చేసిన తప్పు సోలార్ పెట్టించడం కాదు. పెట్టించడానికి ఒకరోజు ముందు నోరు విప్పడం.

మాతాపూజకి పందిరీ, క్రిస్మస్‌కి నక్షత్రమూ వేయించే వీధి కమిటీ ఒకటి ఉంది. ఆ కమిటీ సమావేశంలో, ఎండాకాలం కరెంటు కోతల గురించి అందరూ ఏడుస్తుంటే, జగ్గారావు లేచి నిలబడ్డాడు.

"రేపు మా ఇంటికి సోలారొస్తంది. ఇంక మన ఈదంతా సీకటైపోనీ, మా ఇంట్లో ఫేను తిరుగుతాది. తిరక్కపోతే నా పేరు జగ్గారావు కాదు!"

సభ చప్పట్లతో మారుమోగింది. ఇంత ముందుచూపున్న మనిషిని మామూలు సభ్యుడిగా ఉంచడం వీధికి అప్రతిష్ఠ అని, అక్కడికక్కడే అధ్యక్షుణ్ణి చేసేశారు. జగ్గారావు జీవితంలో మెడలో పడ్డ రెండో దండ అది. మొదటిది పెళ్ళినాటిది.

మర్నాడు కంపెనీ తరఫున కళ్యాణి వచ్చింది. ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఐటీఐ చదివింది. నడుముకి తాడు కట్టుకుని కప్పు మీద పిల్లిలా తిరుగుతూ సాయంత్రానికి పని పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, గోడకి బిగించిన పెట్టె ముందు నిలబడి పాఠం చెప్పింది.

"ఒకటి గుర్తెట్టుకో బాబాయ్. లైన్లో కరెంటు పోయినాదంటే ఇది కూడా ఆగిపోతాది."

"ఏటి?"

"ఆగిపోతాది. ఎండెంతున్నా సరే. లైన్‌మేన్ స్తంభమెక్కి పన్జేస్తంటాడు కదా. మన కప్పు మీద కరెంటు తీగలోకి ఎల్లిపోతే ఆ మనిషి సచ్చిపోడా? అందుకని మిషనే ఆపేసుకుంటాది. బేటరీ ఎట్టించుకుంటే ఇంట్లో మట్టుకు నడుస్తాది. నువ్వొద్దన్నావు."

"నానెప్పుడొద్దన్నాను?"

"సంతకమెట్టినావు బాబాయ్. మూడు సోట్ల."

జగ్గారావు ఆ పెట్టెకేసి చూశాడు. మొదట అతనికి కలిగింది కోపం కాదు, గౌరవం. బండి కింద మనిషి ఉన్నంతసేపు ఎర్రజెండా పాతినట్టన్నమాట. మనిషి మరిచిపోయినా ఇది మరిచిపోదు. ఇలాంటి పెట్టె ఒకటి వేగన్ షాపులో ఉంటే ఎంతమంది చేతులు, కాళ్ళు మిగిలేవో అనుకున్నాడు. ఆ తర్వాత నిన్నటి చప్పట్లు గుర్తొచ్చాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. గోడవైపు తిరిగి, "ఒక్కరోజు ముందు సెప్పకపోయినావా, తల్లీ" అన్నాడు.

ఇక్కడ న్యాయం మాట్లాడకపోతే కళ్ళు పోతాయి. సోలార్ వల్ల లాభం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. మూడు నెలలకోసారి బాంబులా వచ్చి పడే కరెంటు బిల్లు, ఆ దఫా పెళ్ళి శుభలేఖలా మర్యాదగా వచ్చింది. బిల్లు ఇచ్చే కుర్రాడు తప్పు ఇంటికి తెచ్చానేమోనని రెండుసార్లు నంబరు సరిచూసుకున్నాడు. జగ్గారావు దాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. దాలమ్మ ఏ బెంగా లేకుండా మిక్సీలో పిండి రుబ్బింది. కళ్యాణి చెప్పిన ప్రతి మాటా అక్షరాలా నిజమైంది. ఇంట్లో అబద్ధం ఆడింది ఇంటి యజమాని ఒక్కడే.

కానీ బిల్లు గురించి ఎవరూ అడగరే! అందరూ అడిగేది ఫ్యాను గురించే. మన ఇంట్లో ఫ్యాను తిరిగితే అది సుఖం. పక్కింట్లో ఆగిపోయినప్పుడు మన ఇంట్లో తిరిగితే అది వైభవం. వైభవాన్ని ఏ బిల్లూ చూపించలేదు.

మే నెల రెండో వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది. సూర్యుడు నడినెత్తిన డ్యూటీలో ఉన్నాడు. ప్యానెళ్ళు తళతళా మెరుస్తున్నాయి. హాల్లో ఫ్యాను నాలుగు చుట్లు నీరసంగా తిరిగి నిలబడిపోయింది. వీధిలో చెప్పుల చప్పుడు వినిపించింది. జనం వైభవం చూడ్డానికి వస్తున్నారు. జగ్గారావు ఒక్క గంతులో వెళ్ళి తలుపు గడియ పెట్టాడు, కిటికీలు మూశాడు, పరదాలు లాగాడు. ఆపైన అరుగు దాకా వినపడేలా అన్నాడు.

"ఒలే దాలమ్మా! ఫేను కొంచెం తగ్గించీ! సలేస్తంది!"

దాలమ్మ చెమటతో తడిసిన చీరకొంగు పిండుకుంటూ మొగుడికేసి చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చూపు అతను రెండుసార్లే చూశాడు. "తలుపు తియ్యి" అంది ఆవిడ. "పరువే!" అన్నాడు. "పరువుని విసురుకోమను" అని ఆవిడ వంటింట్లోంచి తాటాకు విసనకర్ర తెచ్చుకుంది. గంటన్నర తర్వాత కరెంటొచ్చింది. జగ్గారావు తలకి మఫ్లర్ చుట్టుకుని బయటికొచ్చి రెండుసార్లు తుమ్మాడు. వీధి ముక్తకంఠంతో "ఆహా!" అంది.

ఆ తుమ్ము చేసిన ప్రచారం ఊళ్ళో ఏజెంట్లంతా కలిసినా చెయ్యలేకపోయారు. ఏడాది తిరిగేసరికి గుమ్టీ లేన్‌లో పదకొండు కప్పుల మీద ప్యానెళ్ళు లేచాయి. మధ్యలో వాస్తుపరమైన ఒక సంక్షోభం వచ్చింది. ప్యానెళ్ళు దక్షిణం వైపు వాలి ఉండాలని కళ్యాణి, దక్షిణం యముడి దిక్కని సిద్ధాంతి. సైన్సుకీ శాస్త్రానికీ మధ్య రాజీ కుదిరి, ముగ్గురు ప్యానెళ్ళని ఉత్తరానికి తిప్పించుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో కరెంటు తక్కువ పుడుతోంది గాని యముడి బెడద లేదు.

కరెంటు పోయిన మొదటి మధ్యాహ్నమే ఒక్కో ఇంటాయనకీ సంగతి తెలిసొచ్చింది. అయితే ప్రతివాడూ లోపం తన ఇంట్లోనే ఉందనుకున్నాడు. జగ్గారావు గారిది తిరుగుతోంది, పక్కింటిది తిరుగుతోంది, నాదే దరిద్రపు జాతకం. అందరూ తేలు కుట్టిన దొంగల్లా తలుపులు మూసుకున్నారు. ఒక్కొక్కరే చాటుగా కళ్యాణికి ఫోన్ చేశారు. ఆ పిల్ల అందరికీ ఒకటే పాఠం చెప్పింది. అందరూ ఒకటే కోరిక కోరారు: "ఎవురికీ సెప్పకమ్మా." ఆడవాళ్ళ సంగతి వేరు. కుళాయి దగ్గర మొదటి వారంలోనే వాళ్ళకి అన్ని ఇళ్ళ భోగట్టా తెలిసిపోయింది. కానీ వీధి కమిటీ వాళ్ళనెప్పుడూ ఏమీ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

రిటైర్డ్ రైల్వే గార్డు కృపారావు ఒక్కడు చాలాకాలం వేపచెట్టు కింద హాయిగా పడుకున్నాడు. అతనికి ప్యానెళ్ళూ లేవు, ఆ దిగులూ లేదు. ఆ క్రిస్మస్‌కి చందాల జాబితాలో సోలార్ ఇళ్ళవాళ్ళ పేర్లు పైన వేసి, తన పేరు అడుగున వేసేసరికి మనసు విరిగింది. అటక మీది పాత తలుపుకి నీలం రంగు వేసి, కప్పు మీద ఏటవాలుగా నిలబెట్టి, వేసవి రాగానే తనూ తలుపులు మూసుకోవడం మొదలెట్టాడు. భార్య ఎస్తేరమ్మ వద్దని మొత్తుకుంది. "మనది గూడా తిరుగుతందని అనుకోనీయే, నీ సొమ్మేటి పోయింది?" అన్నాడు.

ఇలా వీధి దివ్యంగా వెలిగిపోతుండగా, ఈ ఏడు మే చివర్లో కాల్‌బైసాఖి గాలివాన వచ్చింది. వేపకొమ్మ విరిగి, వీధి మొదట్లో స్తంభం మీది తీగలపై పడింది. మర్నాడు పొద్దున్నే లైన్‌మేన్ నిమాయ్ మాహాతో నిచ్చెన తెచ్చాడు. యాభై దాటిన మనిషి, ఆ చుట్టుపక్కల స్తంభాలన్నీ పేరుపేరునా తెలిసినవాడు. నిచ్చెన ఆనించాడు. ఒక మెట్టు ఎక్కాడు. దిగిపోయాడు.

"కార్ ఘొరే ఫ్యాన్ ఘుర్ఛే, బొలున్" అన్నాడు. ఎవరింట్లో ఫ్యాను తిరుగుతోందో చెప్పండి.

పెద్దలు తలలెత్తి తీగల వంక చూశారు. నిమాయ్ ఓపిగ్గా వివరించాడు. ఈ వీధిలో లైను లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయని ఊరంతా చెప్పుకుంటోంది. ఆఫీసు దాకా వచ్చింది మాట. అదే నిజమైతే మీ కప్పుల మీది కరెంటు ఈ తీగలోకి వస్తుంది. ఆఫీసిచ్చిన చేతి తొడుగులకి చిల్లులున్నాయి. నాకు ఇద్దరాడపిల్లలు. తిరుగుతోందా, లేదా? లేదని ఒక్కొక్కరూ చెబితే పది నిమిషాల్లో పని అయిపోతుంది.

పది నిమిషాల పని. గుమ్టీ లేన్ పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పదకొండుమందీ, నీలం తలుపు కృపారావుతో కలిపి పన్నెండుమందీ, ఆలోచించి చెబుతామన్నారు. నిమాయ్ స్తంభం మొదట్లో గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు.

వీధి కమిటీ అత్యవసర సమావేశం జరిగింది. లైన్‌మేన్ మొండితనాన్ని ఖండిస్తూ ఒక తీర్మానం, గాలివాన పట్ల విచారం వ్యక్తం చేస్తూ మరొక తీర్మానం ఆమోదించారు. ఆ రోజు గడిచింది. మర్నాటికి మోటార్లు ఆడక ట్యాంకులు ఎండిపోయాయి. ఫోన్లు చచ్చిపోయాయి. ఫ్రిజ్‌లలో చేపలు కంపు కొట్టాయి. బయట మామూలు జనం చెట్టు నీడన ఉన్నారు. పన్నెండు ఇళ్ళలో పరువుగలవాళ్ళు తలుపులు మూసుకుని ఉడుకుతున్నారు.

దాలమ్మ ఖాళీ బిందె తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నువ్వెల్లి సెప్తావా, నన్నెల్లి సెప్పమంటావా?"

"ఏటని సెప్పమంటావే? రెండేళ్ళుగా సలేస్తందన్నోడిని!"

"ఆ మనిషి నీలాగే జీతానికి పన్జేసుకునీవోడు. బండి కిందున్నోడికి నువ్వు జెండా పాతినావు. ఇతగాడు తన జెండా తానే పాతుకుని కూకున్నాడు. నీకు సిగ్గనిపించట్లేదేటయ్యా?"

జగ్గారావుకి సిగ్గనిపించింది. నిజంగానే అనిపించింది.  వేగన్ షాపులో ఎవరైనా జెండా మరిచిపోతే అందరి ముందూ చెడామడా తిట్టిన మనిషి తను. లేచి, మొహం కడుక్కుందామంటే నీళ్ళు లేక తువ్వాలుతో తుడుచుకుని, నిజం చెప్పేద్దామని స్తంభం వైపు నడిచాడు. ఆ నలభై అడుగులూ అతను చాలా మంచివాడుగా నడిచాడు.

స్తంభం దగ్గర వీధంతా పోగైంది. అధ్యక్షుడు వస్తున్నాడని దారిచ్చారు. కృపారావు ఎందుకో చప్పట్లు కొట్టాడు. ఇంకొకరు కొట్టారు. చప్పట్లు వినేసరికి జగ్గారావు నోట్లో ఉన్న చిన్న మాట లోపలికి జారిపోయి, దాని బదులు పెద్ద ఉపన్యాసం బయటికొచ్చింది.

"సోదర సోదరీమణులారా! ఈనాడు గుమ్టీ లేన్‌కు అగ్నిపరీక్ష. ఒకవైపు మన గృహాలలో నిరాటంకంగా తిరుగుతున్న ఫ్యాన్లు! మరొకవైపు ఒక శ్రామిక సోదరుని నిండు ప్రాణం! ముప్ఫై ఆరు సంవత్సరాలు రైల్వేకు సేవ చేసినవాడిగా చెబుతున్నాను, ప్రాణమే ముఖ్యం! కనుక లైను బాగయ్యేవరకు మన సోలార్ స్విచ్చులు కట్టివేసి, మన ఫ్యాన్లను స్వచ్ఛందంగా త్యాగం చేయవలసిందిగా అధ్యక్ష హోదాలో పిలుపునిస్తున్నాను!"

 పదకొండు గుండెల్లోంచి ఒకేసారి బరువు దిగింది. ఎంత గొప్ప మాట! ఎంత గొప్ప మనిషి! పెద్దలందరూ గంభీరంగా తలలు వంచుకుని ఇళ్ళలోకి వెళ్ళారు. తిరగని ఫ్యాన్లను ఆపారు. ఒకాయన ఫ్యానుకి దణ్ణం కూడా పెట్టాడని వినికిడి. కృపారావు కప్పెక్కి నీలం తలుపు మీద దుప్పటి కప్పి దిగాడు. అందరూ బయటికి రాగానే నిమాయ్ ఏమీ అడక్కుండా నిచ్చెన ఎక్కాడు. కొమ్మ తీశాడు, తీగ కలిపాడు. కరెంటొచ్చింది.

ఇంతటి త్యాగాన్ని గుర్తించకపోతే వీధి కృతఘ్నత పాలవుతుంది. పై ఆదివారం సాయంత్రం పందిరి వేసి సన్మానసభ జరిపారు. త్యాగమూర్తులకు శాలువాలు. వార్డు పెద్ద ఒకరు వచ్చి, ఇలాంటి వీధులు ఇంకో పది ఉంటే దేశం ఎక్కడో ఉండేదన్నారు. ఎక్కడ ఉండేదో చెప్పలేదు. కృపారావు కూడా శాలువా కప్పించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మైకుకి కనెక్షన్ ఇవ్వడానికి నిమాయ్‌ని పిలిపించారు. పని అయ్యాక వెళ్ళిపోబోతుంటే, ఎవరి ప్రాణం కోసం త్యాగం జరిగిందో ఆయన చేత రెండు ముక్కలు చెప్పిస్తే బాగుంటుందని ఎవరికో తోచింది.

నిమాయ్ టెస్టరు జేబులో పెట్టుకుని, బెంగాలీలో మాట్లాడాడు.

"లైను ఆగితే ఈ మిషన్లు వాటంతటవే ఆగిపోతాయని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. మిషన్‌తో నాకు భయం లేదు, అది అబద్ధమాడదు. తిరుగుతోంది తిరుగుతోందని రెండేళ్ళుగా చెప్పుకునే మనుషులు ఏ తీగ తీసుకెళ్ళి ఎక్కడ కలిపారో, అదీ నా భయం. మీరు ఆపామన్నారు. మీ మాట మీద నేను ఎక్కలేదు, దాదా. మీరంతా స్విచ్చులాపడానికి లోపలికెళ్ళినప్పుడు దాలమ్మ దీదీ కుండ అడుగున మిగిలిన మంచినీళ్ళు చెంబుతో తెచ్చింది. 'బాబూ, ఈ ఈదిలో ఒక్క ఫేనూ తిరగదు. మొదటి అబద్ధం మా ఇంటిదే. నువ్వెక్కు' అంది. ఆవిడ మాట మీద ఎక్కాను."

 జగ్గారావు ఆడవాళ్ళు నిలబడ్డ వైపు చూశాడు. దాలమ్మ తల దించుకోలేదు. రెండేళ్ళ తర్వాత తలుపు తెరిచినట్టు అతనికి ఒక్క క్షణం చల్లగా అనిపించింది. లేచి "అవును" అంటే చాలు. లేవబోయాడు కూడా. ఈలోగా కృపారావు చప్పట్లు కొట్టాడు, పందిరంతా అందుకుంది.

కార్యదర్శి సభా వివరాలు రాసి పైకి చదివాడు: "లైన్‌మేన్ శ్రీ నిమాయ్ మాహాతో గారు వీధివాసుల అపూర్వ త్యాగాన్ని తమ మాతృభాషలో వేనోళ్ళ కొనియాడారు." ఖరగ్‌పూర్‌లో ఉయ్యాలలో పిల్లకి కూడా బెంగాలీ అర్థమవుతుంది. అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. శాలువాల కిందనుంచి చేతులు లేచాయి. పుస్తకం అధ్యక్షుడి ముందుకొచ్చింది. జగ్గారావు కలం పట్టుకుని కొంచెంసేపు కూర్చుని, జీవితంలో మొదటిసారి పనికిరానిదానికి ఫిట్ అని సంతకం చేశాడు.

దాలమ్మ చెయ్యెత్తలేదు. ఆవిడ వెనక ఉన్న ఎస్తేరమ్మా ఎత్తలేదు, మిగతా ఆడవాళ్ళెవరూ ఎత్తలేదు. అయితే ఆ కమిటీ పుట్టినప్పటినుంచి ఆడవాళ్ళ చేతులు లెక్కపెట్టే ఆనవాయితీ లేదు కనుక, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.